వేడి సీటుకు హద్దు ఎందుకు గీయలేదు

కారు సీటు హీటరు పాడైందని చెబితే మెకానిక్ అడిగే మొదటి ప్రశ్న, సీటు వెచ్చబడుతోందా లేదా అన్నది. ఫ్యూజు పోయిందా, స్విచ్ పనిచేయడం లేదా, మెత్త కింద తీగ తెగిందా అంటూ వెతుకులాటంతా చల్లగా ఉండిపోయిన సీటు చుట్టూనే సాగుతుంది. అంతకంటే ప్రమాదకరమైన లోపం సీటు మితిమీరి కాగడం. దాన్ని లోపంగా గుర్తించడానికే దశాబ్దాలు పట్టింది. అమెరికాలో ఈ సౌకర్యం పెరిగిన తీరును పరిశీలిస్తే, ఆ ఆలస్యానికి సాంకేతిక అజ్ఞానం కారణం కాదని తేలుతుంది. చట్టం దేన్ని కొలవాలనుకుందో అక్కడ ఉంది అసలు కారణం. సీటు గుడ్డకు నిప్పు ఎంత వేగంగా పాకుతుందో కొలిచి చూపమని కార్ల కంపెనీలను ఆదేశించారు. ఆ గుడ్డమీద కూర్చున్న మనిషి చర్మాన్ని ఎంత వేడి తాకవచ్చో చెప్పమని ఆదేశించలేదు.

చర్మం సంగతి అప్పటికి తెలియనిదేమీ కాదు. 1947లోనే మోరిట్జ్, హెన్రిక్స్ అనే పరిశోధకులు ఎంత వేడి ఎంతసేపు తగిలితే చర్మం కాలుతుందో లెక్కగట్టారు. 44 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు ఆరు గంటలు పడుతుంది. అక్కడి నుంచి డిగ్రీ పెరిగిన కొద్దీ ఆ వ్యవధి దాదాపు సగానికి పడిపోతూ, 49 డిగ్రీల దగ్గర పది నిమిషాల లోపుకు దిగుతుంది. తక్కువ వేడి ఒంటికి ఆనుకుని ఏళ్లతరబడి ఉంటే ఏం చేస్తుందో మన దేశపు వైద్య సాహిత్యంలో ఇంకా ముందే నమోదైంది. కశ్మీరీలు చలికాలంలో దుస్తుల కింద పెట్టుకునే కాంగ్రీ అనే నిప్పుల కుంపటి వల్ల పొట్టమీద, తొడలమీద వచ్చే చర్మ క్యాన్సర్ గురించి ఎల్మ్‌స్లీ అనే వైద్యుడు 1866లోనే రాశాడు. జనరల్ మోటార్స్ ఇంజనీరు రాబర్ట్ బల్లార్డ్ వేడెక్కే సీటు పేటెంటుకు దరఖాస్తు చేసింది 1951లో. పేటెంటు 1955లో వచ్చింది, 1966 మోడల్ కాడిలాక్ కార్లలో ఆ సౌకర్యం కొనుగోలుదారులకు దొరికింది. అంటే సీటులో తీగ పరిచే నాటికే, ఆ తీగ ఎక్కడ ఆగాలో చెప్పగల అంకెలు అచ్చులో ఉన్నాయి.

1972 సంవత్సరం ఈ కథకు కీలకం. స్వీడన్‌కు చెందిన సాబ్ కంపెనీ ఆ ఏటి 99 మోడల్‌లో డ్రైవరు సీటుకు హీటరు అమర్చింది. అందులో థర్మోస్టాట్ ఉంది. సీటు చల్లబడితే హీటరు తనంతట తానే మొదలయ్యేది, తగినంత వెచ్చబడగానే ఆగిపోయేది. వేడికి హద్దు పెట్టే పని యంత్రానికే అప్పగించవచ్చని ఆ డిజైన్ అప్పుడే రుజువు చేసింది. అదే ఏడాది సెప్టెంబరు 1న అమెరికాలో ఎఫ్‌ఎమ్‌వీఎస్‌ఎస్ 302 అనే ప్రమాణం అమల్లోకి వచ్చింది. కారు లోపలి సామగ్రి మీద మంట నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించి పాకకూడదన్నది అందులోని నిబంధన. అగ్గిపుల్ల, సిగరెట్టు వంటివి పడి కారు లోపల నిప్పంటుకోవడాన్ని దృష్టిలో పెట్టుకుని రాసిన ప్రమాణమది. దాని అవసరాన్ని నేను కాదనను. అయితే అది మంటను చూసింది, మంట లేని వేడిని చూడలేదు. హీటరు తీగ పాడయ్యే తీరే వేరు. వెనక సీటులోని సామాను అందుకోవడానికి మనిషి ముందు సీటుమీద మోకాలు మోపుతాడు. ఆ బరువుకు తీగ మడతపడి కొన్ని పోగులు తెగుతాయి. కరెంటంతా మిగిలిన సన్నని పోగుల గుండా పోవాల్సి వచ్చి, ఆ ఒక్కచోటే వేడి పోగవుతుంది. పన్నెండు వోల్టులే కదా అని తేలిగ్గా తీసుకోలేం, షాకు కొట్టని కరెంటు కూడా కాల్చగలదు. ఏ తీగా తెగకపోయినా, థర్మోస్టాట్ సరిగా పనిచేయకపోతే, లేదా అసలు డిజైన్‌లోనే హద్దు ఎక్కువగా ఉంటే ఫలితం అదే.

2011లో కాలిన గాయాల వైద్యులు, వాహన భద్రతా పరిశోధకులు కలిసి ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అనే అమెరికా రహదారి భద్రతా సంస్థను ఈ విషయమై కదిలించారు. కొన్ని సీట్లు 65 డిగ్రీల దాకా కాగుతున్నాయని చెబుతూ, 41 డిగ్రీలు దాటనివ్వకూడదని, ఆపకపోతే తమంతట తాము ఆగే ఏర్పాటు ఉండాలని వారు కోరారు. వారు చూపిన బాధితుల్లో వెన్నుపాము దెబ్బతిని నడుము కింద స్పర్శ కోల్పోయినవారు ఉన్నారు. తొడలు, పిరుదులు లోతుగా కాలి చర్మం అతికించాల్సి వచ్చినవారు ఉన్నారు. గరిష్ఠ ఉష్ణోగ్రతను అంకెల్లో నిర్దేశించే ఫెడరల్ నియమం మాత్రం దాంతో రాలేదు. మూడేళ్లు తిరగకుండానే, 2014 జనవరిలో, టయోటా కామ్రీ, అవలాన్ వంటి మోడళ్లలో హీటరున్న సీట్ల గుడ్డ ఆ 302 ప్రమాణానికి సరితూగడం లేదని దక్షిణ కొరియాలో జరిగిన పరీక్షలో బయటపడింది. ఎక్కడా మంట లేవలేదు, ఎవరికీ గాయం కాలేదు. అయినా కంపెనీ అమెరికాలో ఆ కార్ల అమ్మకాలను వెంటనే ఆపేసింది. ఆపడం సరైన పనే. ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూడమనే నా మనవి. గాయపడ్డ మనుషులు కళ్లముందున్నా నియమం పుట్టలేదు. గాయమే జరగని చోట అప్పటికే ఉన్న నియమం వేల కార్లను నిలబెట్టింది. అంకె రాసి ఉన్న చోట లోపం వెంటనే లోపమైంది.

వేడి ఎక్కువైతే మనిషికి తెలుస్తుంది, స్విచ్ నొక్కి ఆపుకుంటాడు కదా అంటారు. స్పర్శ ఉన్నవారి విషయంలో అది నిజమే. ఈ సీట్లు ఎక్కువగా గాయపరిచింది స్పర్శ లేనివారిని. పక్షవాతం వచ్చినవారు, మధుమేహంతో నరాలు మొద్దుబారినవారు, మందుల మత్తులో నిద్రపోయినవారు ఆ కోవలోకి వస్తారు. మిషిగన్‌లో, న్యూజెర్సీలో ఉన్న పిల్లల దగ్గరకు చలికాలంలో వెళ్లే మన పెద్దల్లో మధుమేహం ఉన్నవారు ఎందరో ఉంటారు, వారికీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. 1947 నాటి అంకెలు బట్టలేని చర్మానివి, ప్యాంటు వేసుకున్న మనిషికి అంత త్వరగా కాలదన్నది ఇంకో అభ్యంతరం. ఇందులో బలముంది. గుడ్డ వేడిని కొంత ఆపుతుంది. అయితే కూర్చున్నవాడి బరువు కింద రక్తనాళాలు నొక్కుకుపోయి, వేడిని మోసుకుపోవాల్సిన రక్తప్రసరణ మందగిస్తుంది. పైగా ప్రయాణం గంటల తరబడి సాగుతుంది. మాన్యువల్‌లో హెచ్చరిక రాశాం కదా అన్న కంపెనీల సమాధానం అన్నిటికంటే బలహీనమైంది. అద్దె కారులో, బంధువుల కారులో పక్క సీటులో కూర్చున్న మనిషి చేతికి ఆ పుస్తకం ఎప్పుడు వస్తుంది?

చివరికి మిగిలేది, వేడికి హద్దు పెడితే ఖర్చు పెరుగుతుందన్న వాదన. దీన్ని 2022లో బీఎండబ్ల్యూ తెలియకుండానే తోసిపుచ్చింది. దక్షిణ కొరియా సహా కొన్ని దేశాల్లో ఆ కంపెనీ వేడి సీటును నెలవారీ చందాకు పెట్టింది. తీగ కారులోనే ఉండేది, చందా కడితేనే సాఫ్ట్‌వేర్ దాన్ని పనిచేయనిచ్చేది. కొనుగోలుదారుల వ్యతిరేకతతో మరుసటి ఏడాది కంపెనీ ఆ పద్ధతిని విరమించుకుంది. అయితే డబ్బు కట్టని సీటును ఆపగలిగిన సాఫ్ట్‌వేర్, అరగంటకు పైగా కాగుతున్న సీటునూ ఆపగలదు. వేడికి హద్దు పెట్టే నియమం వచ్చేదాకా భారం కారున్నవారిదే. సీటులో ఒకచోట మాత్రమే ఎక్కువ వేడి తగిలినా, కాలిన వాసన వచ్చినా స్విచ్ ఆపి ఊరుకోకుండా హీటరు ఫ్యూజు తీయించాలి. తెగిన తీగను అతికించి సరిపెట్టుకోకుండా హీటరు మెత్తను పూర్తిగా మార్పించాలి.