సముద్రాన్ని నెత్తికెత్తుకున్న కొండ

నారపల్లిలో బస్సు ఆగీ ఆగకముందే కండక్టర్ “ఘట్‌కేసర్, బీబీనగర్, బోనగిరి” అని ఒకే దమ్ములో కేకేస్తాడు. మా ఊరి మీదుగా పోయే వరంగల్ రోడ్డు ఇది. 2018లో పని మొదలైన ఫ్లైఓవర్ స్తంభాలు, వాటి కింద దుమ్ము, యాదగిరిగుట్టకు పోయే భక్తుల కార్లు. ఎవరెస్టుకు దారి ఇటే అంటే ఎవరైనా నవ్వుతారు. కానీ ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ కొండెక్కడం నేర్చుకున్నది ఇక్కడికి సుమారు 30 కిలోమీటర్ల అవతల, ఈ రోడ్డు పక్కనున్న ఒక బండ మీద.

2013. బోనగిరి అని మనం పిలిచే భువనగిరి ఖిల్లా కింద సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు వరుసగా నిలబడ్డారు. వంద మందికి పైనే. అందులో నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం నుంచి వచ్చిన గిరిజన పిల్ల పూర్ణ ఒకతి. తల్లిదండ్రులది కూలీ బతుకు, ఆమె చదువు తాడ్వాయి గురుకులంలో. ఎదురుగా మెట్లు లేవు, పట్టుకోవడానికి చెట్టు కొమ్మ లేదు. దాదాపు 500 అడుగుల నున్నటి ఏకశిల. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కోట కట్టింది దీని మీదే, ఊరికి ఆ పేరు వచ్చిందీ ఆయన వల్లే. బండను చూడగానే కాళ్లు వణికాయని పూర్ణ తర్వాత చెప్పుకుంది. నడుముకు తాడు బిగించారు. వేళ్లు దూరేంత పగులు వెతుక్కుంటూ ఎక్కింది. దిగేసరికి వణుకు పోయింది.

శిక్షణ ఇచ్చిన శేఖర్‌బాబు బచినేపల్లి స్వయంగా 2007లో ఎవరెస్టు ఎక్కిన మనిషి. పంపించింది అప్పటి గురుకులాల కార్యదర్శి, ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్. భువనగిరి తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లదాఖ్ చలి. ఒక్కో మజిలీలో జల్లెడ పడితే చివరికి మిగిలింది ఇద్దరే: పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్‌కుమార్.

పదహారేళ్లు నిండనివాళ్లకు నేపాల్ అనుమతి ఇవ్వదు. అందుకే టిబెట్ వైపు నుంచి ఎక్కాల్సి వచ్చింది. ఆ దారిలో గాలి ఎక్కువ. వీళ్లు ఉత్తరం వైపున్న రోజుల్లోనే, 2014 ఏప్రిల్ 18న, దక్షిణాన ఖుంబు ఐస్‌ఫాల్‌లో మంచు విరిగిపడి 16 మంది షెర్పాలు పోయారు. ఆ కబురు విన్నాక కూడా పిల్లలిద్దరూ వెనుదిరగలేదు. పదమూడేళ్ల పిల్లను అంత ఎత్తుకు పంపొచ్చా అన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు. ఆ పిల్ల గెలిచింది కాబట్టి మనం ఆ ప్రశ్న అడగడం మానేశాం, అంతే.

మే 24 రాత్రి. తలకు లైటు, ముఖానికి ఆక్సిజన్ మాస్కు, బూట్ల కింద ఇనుప కోరలు. వెలుగు పడ్డంత మేరే లోకం. వచ్చేపోయే దారిలో శవాలు కనిపించాయి, ఎప్పటివో, ఎవరివో. 8,600 మీటర్ల దగ్గర ‘సెకండ్ స్టెప్’ అనే రాతి గోడ, దానికి 1975లో చైనా పర్వతారోహకులు కట్టిన అల్యూమినియం నిచ్చెన. అక్కడ ఇనుప కోరలు గీసుకునేది మంచును కాదు, రాయిని.

ఆ రాయి దగ్గర కాసేపు ఆగాలి. ఎవరెస్టు కొన మొత్తం సున్నపురాయి. సుమారు 45 కోట్ల ఏళ్ల కింద అది సముద్రపు అడుగు. ట్రైలోబైట్ల లాంటి కడలి జీవుల పెంకుల ముక్కలు ఇప్పటికీ అందులో ఇరుక్కుని ఉన్నాయి. మన భూఫలకం ఉత్తరానికి జరిగి ఆసియాను గుద్దుకుంటే, మధ్యనున్న టెథిస్ సముద్రం అడుగు మడతపడి ఆకాశంలోకి లేచింది. సముద్రం ఒడ్డున కొండలు విశాఖలో చూశాం. ఇది సముద్రాన్నే నెత్తికెత్తుకున్న కొండ. వయసులో మాత్రం మన బోనగిరి బండ ముందు పసిది. ఆ గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాడు నేల లోపల గడ్డకట్టింది. ముత్తవ్వ వీపు మీద నడక నేర్చుకుని మునిమనవరాలి భుజమెక్కినట్టు ఎక్కింది పూర్ణ.

2014 మే 25, ఉదయం ఆరు దాటే వేళ. 8,848 మీటర్లు. వయసు పదమూడేళ్ల పదకొండు నెలలు. అంత చిన్న వయసులో ఆ శిఖరం మీద నిలబడ్డ ఆడపిల్ల అంతకుముందు లేదు. చేతిలో త్రివర్ణ పతాకం. ఆనంద్ కూడా పైకి చేరాడు. కాళ్ల కింద ఒకనాటి సముద్రం, ఇప్పుడు మంచు. ఎక్కువసేపు నిలబడే చోటు కాదది, ఆక్సిజన్ సిలిండర్ లెక్క పెట్టుకుంటూ దిగాలి. ఎనిమిది రోజుల తర్వాత, జూన్ 2న, ఆమె పుట్టిన జిల్లా తెలంగాణ అనే కొత్త రాష్ట్రంలో ఉంది.