బేస్ బూర స్పీకరు

మంద్రస్థాయి ధ్వనులను క్రమంగా వెడల్పయ్యే గొట్టం గుండా గాలిలోకి పంపే లౌడ్‌స్పీకరును బేస్ బూర స్పీకరు అంటారు. గొట్టం సన్నని కొస గొంతు, వెడల్పాటి కొస నోరు. మామూలు పెట్టెలో బిగించిన స్పీకరు తనకందిన విద్యుత్తులో సుమారు ఒక శాతాన్నే ధ్వనిగా మారుస్తుంది. చక్కగా లెక్కకట్టిన బూరలో ఇది పది శాతం దాటుతుంది. అంతే శబ్దానికి స్పీకరు కోను తక్కువ కదిలితే సరిపోతుంది కాబట్టి బేస్ చెదరకుండా తేటగా వినిపిస్తుంది.

సూత్రం చాలా పాతది. మేడారం ప్రాంతపు కోయలు ఊదే తూత కొమ్ము పనిచేసేదీ దీని మీదే. గ్రామఫోన్ల కాలం దాకా బూరల ఆకారాలు ఎక్కువగా అనుభవం మీదే కుదిరాయి.

లెక్కల యుగం 1919లో ఆర్థర్ గోర్డన్ వెబ్‌స్టర్ ప్రచురించిన బూర సమీకరణంతో మొదలైంది. 1924లో హన్నా, స్లేపియన్ ఘాతీయ బూర రూపకల్పనను వివరించారు. ఇందులో సమాన దూరాలకు వైశాల్యం అదే నిష్పత్తిలో పెరుగుతుంది. మరుసటి ఏడే రైస్, కెల్లాగ్ తయారుచేసిన కోను స్పీకరు ఇళ్లలో బూర స్థానాన్ని ఆక్రమించసాగింది. కొద్ది వాట్ల ఆంప్లిఫయర్లతో పెద్ద హాళ్లను నింపాల్సిన టాకీలు మాత్రం బూరను వదల్లేదు. 1936లో హాలీవుడ్‌లో వచ్చిన షియరర్ వ్యవస్థలో బేస్ బూరను డబ్ల్యూ ఆకారంలో మడిచారు. నేటికీ బాక్సులు చేసేవారి నోట వినిపించే ‘డబ్ల్యూ బిన్’ ఆ వంశానిదే.

ఇంటికి సరిపోయే బేస్ బూరను సాధించినవారిలో ప్రముఖుడు అమెరికన్ ఇంజినీరు పాల్ క్లిప్ష్. ‘చిన్న కొలతల మంద్ర బూర’ అన్న అర్థం వచ్చే శీర్షికతో 1941లో ఆయన ప్రచురించిన పత్రం ఈ రంగంలో అత్యంత ఫలవంతమైన రచనల్లో ఒకటి. 1946లో ఆర్కన్సాలోని హోప్ పట్టణంలో ఆయన కంపెనీ పెట్టారు. ఆయన బూరను గది మూలలో ఉంచాలి. రెండు గోడలూ నేలా బూరకు కొనసాగింపుగా పనిచేస్తాయి.

మూలలో పెట్టడం వల్ల ఎంత కలిసివస్తుందో 40 హెర్ట్జ్ బూర లెక్క చెబుతుంది. ఆ ధ్వని తరంగదైర్ఘ్యం 8.6 మీటర్లు. బూర సరిగా పనిచేసేలా నోటి చుట్టుకొలత అంత ఉండాలంటే వైశాల్యం 5.9 చదరపు మీటర్లు కావాలి. మూలలో పెడితే అందులో ఎనిమిదో వంతు, అంటే 0.74 చదరపు మీటర్లు చాలు. ఇలాంటి ఘాతీయ బూరలో వైశాల్యం ప్రతి 47 సెంటీమీటర్లకు రెట్టింపవుతుంది. గొంతు 350 చదరపు సెంటీమీటర్లయితే పొడవు మూడున్నర మీటర్ల నుంచి సుమారు రెండు మీటర్లకు దిగుతుంది. బేస్ తరంగాలు దారి వెడల్పు కంటే చాలా పొడవైనవి కాబట్టి ఈ పొడవును పెట్టెలో మడిచినా నష్టం స్వల్పమే. కోను వెనుక మూసిన గది కూడా ముఖ్యమే. దానిలోని గాలి స్ప్రింగులా పనిచేసి గొంతు దగ్గరి గాలి బరువుకు సరితూగాలి. పై కొలతలకు ఆ గది 48 లీటర్లుండాలి.

తర్వాతి దశాబ్దాల్లో ఆంప్లిఫయర్లు చౌకయ్యాక బూర అవసరం తగ్గింది. 1974లో బ్రిటిష్ పత్రిక ‘వైర్‌లెస్ వరల్డ్’లో జాక్ డిన్స్‌డేల్ రాసిన వ్యాసాలు ఇంట్లో చేసుకునేవారికి లెక్కలు అందించాయి. డేవిడ్ మెక్‌బీన్ ఉచితంగా ఇచ్చిన ‘హార్న్‌రెస్ప్’ సాఫ్ట్‌వేర్ ఆ లెక్కలను కంప్యూటరుకు అప్పగించింది. టామ్ డాన్లీ రూపొందించిన ట్యాప్డ్ హార్న్‌లో కోను రెండు వైపులా అదే బూరలోకి తెరుచుకుంటాయి. వెనుక గది అక్కర్లేక పెట్టె ఇంకా చిన్నదవుతుంది.

తయారీలో సాధారణంగా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడతారు. పలకలు అదరకుండా లోపల అడ్డపట్టీలు వేసి, అతుకులను జిగురుతో, స్క్రూలతో బిగిస్తారు. మంద్ర స్వరం మోగిస్తూ వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంట నడిపితే, గాలి పోయేచోట పొగ వణుకుతుంది.

వరంగల్, హనుమకొండల్లో వినాయక నిమజ్జనానికి, బతుకమ్మకు డీజే బాక్సులు వీధికెక్కుతాయి. వీధిలో గది మూల దొరకదు. అక్కడ బూర పెట్టెలను ఒకదానిపై ఒకటి పేర్చడమే ఉపాయం, నోళ్లన్నీ కలిసి ఒకే పెద్ద నోరవుతాయి. 60 సెంటీమీటర్ల చదరపు నోళ్లున్న ఎనిమిది పెట్టెలు కలిస్తే 2.9 చదరపు మీటర్లు. నేలమీద 40 హెర్ట్జ్‌కు కావలసింది, అంటే 5.9లో సగం, దాదాపు అంతే.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55, రాత్రి 45 డెసిబెళ్లు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం. పండుగ రోజుల్లో కొన్నిటికి రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు. ఈ పరిమితులను కొలిచే ‘ఏ’ తూకపు మీటరు 40 హెర్ట్జ్ ధ్వనిని అసలు కంటే సుమారు 35 డెసిబెళ్లు తక్కువగా చూపుతుంది. అందువల్ల గోడలు దాటి వచ్చే బేస్‌ను అదుపు చేయడానికి ఆ ఒక్క కొలత చాలదు.