పందిరి కింది భూమి

మంత్రాలయం నుంచి కోసిగి పోయే దారిలో మాకు ఏడెకరాల చేను ఉంది. ఈ ‘మాకు ఉంది’ అనే మాట చరిత్రే ఇక్కడ నేను చర్చించదలచింది.

నిరుడు మా తమ్ముడు ఒక ప్రతిపాదన తెచ్చాడు. తాతలనాటి భూమిని పునరుద్ధరిద్దాం, మెరకనున్న మూడెకరాల గరుసు నేలలో ద్రాక్ష పందిరి వేద్దాం, పురుగుమందులు లేకుండా బయోడైనమిక్ పద్ధతిలో పండిద్దాం అన్నాడు. దానికి నా సంతకం కావాలి. పునరుద్ధరించాలంటే భూమి ముందు పాడుబడి ఉండాలి కదా! ఇరవై రెండేళ్లుగా ఒక కౌలు రైతు దాన్ని దున్నుతూనే ఉన్నాడు. పత్తి సాళ్ల నడుమ కొర్ర వేస్తాడు, ఎండాకాలం గొర్రెల మంద కట్టిస్తాడు. పాడుబడింది భూమి కాదు, దానితో మా సంబంధం.

1800లో నిజాం ఈ సీమను కంపెనీకి దత్తం చేశాడు. 1807 దాకా ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలాలు కొలిపించి, రైతు పేరున శిస్తు కట్టాడు. ఆ శిస్తు ఎంత బరువో ఆయనకే తెలుసు. పోయేముందు నాలుగోవంతు తగ్గించమని సిఫారసు చేశాడు, పైవాళ్లు వెంటనే ఒప్పుకోలేదు. రైతుకు పట్టా దక్కిందని మన పాఠ్యపుస్తకాలు మెచ్చుకుంటాయి. పట్టాలో పేరున్నవాడూ నాగలి పట్టినవాడూ ఒకడేనా అన్న ప్రశ్న మాత్రం లెక్కల్లోకి రాలేదు. 1876-78 కరువులో ఈ ప్రాంతం చితికిపోయింది. పక్కనున్న కర్నూలు జిల్లాలో 1871, 1881 జనగణనల మధ్య జనాభా దాదాపు నాలుగోవంతు తగ్గింది. (ఆదోని తాలూకా అప్పుడు బళ్లారి జిల్లాది. 1953లోనే మనకు కలిసింది.) మనుషులు పోయినా పట్టాలు మిగిలాయి.

ఇక బయోడైనమిక్ సంగతి. 1924 జూన్‌లో రుడాల్ఫ్ స్టైనర్ కోబర్విట్జ్‌లో, ఒక ప్రభువు ఎస్టేటులో, ఎనిమిది ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండులో ఉంది. ఆవుకొమ్ములో పేడ నింపి చలికాలమంతా పాతిపెట్టి, వసంతంలో తీసి, నీళ్లలో గంటసేపు కలిపి చల్లాలన్నాడు. నేలను బతికిన వస్తువుగా చూడమన్న మాట మంచిదే. మన మందకట్టు రైతుకు అది కొత్తదీ కాదు. కానీ ఎస్టేటులో కూలి ఎవరు, వాళ్ల వాటా ఎంత అన్నది ఆ పద్ధతిలో భాగం కాలేదు. పైగా ఐరోపా ద్రాక్షతీగ చలికి నిద్రపోతుంది. దక్కనులో దానికి నిద్ర లేదు. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరించాలి. కాయ కోతకొచ్చేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో.

సరిగ్గా ఆ నెలల్లోనే కోసిగి, మంత్రాలయం, కౌతాళం పల్లెలు ఇళ్లకు తాళాలు వేసి, పిల్లాజెల్లాతో గుంటూరు మిరపకోతలకు ‘సుగ్గికి’ పోతాయి. పందిరి వేస్తే ఆ నెలల్లో ఊళ్లోనే పని దొరుకుతుందని తమ్ముడి వాదం. దీన్ని నేను తేలిగ్గా తోసెయ్యలేను. కౌలు రైతునే అడిగాను.

“ఇంటికాడ పని దొరికితే సుగ్గికి ఎవరు పోతారన్నా? అది సరేగానీ, నా కాగితం సంగతేంది?”

అతనడిగింది సాగుదారు హక్కు కార్డు గురించి. 2019 చట్టం ప్రకారం భూయజమాని సంతకం పెడితేనే పదకొండు నెలలకు ఆ కార్డు ఇస్తారు. కార్డుంటే పంటరుణం, బీమా అడగవచ్చు. మా నాన్న చనిపోయేదాకా ఆ సంతకం పెట్టలేదు. ‘భూమి పోతుంది’ అనేవాడు. అభ్యుదయ సభల్లో భూమి మీద మాట్లాడే నేనూ ఆయన్ని ఒక్కసారి అడగలేదు. పట్నం నుంచి మట్టికి తిరిగొచ్చే కొడుకు కథలు మనం చాలా రాశాం, నేనూ రెండు రాశాను. అతను వచ్చేనాటికి ఆ మట్టిలో ఉన్న మనిషి ఎటు పోయాడో నా కథల్లో లేదు.

కార్డు కాగితం మీద సంతకం పెట్టాను. తమ్ముడి కాగితం బల్లమీదే ఉంది. కౌలు రైతుకు పందిట్లో వాటా రాస్తే దానిమీదా పెడతానన్నాను. వాడు ఫోను చెయ్యడం మానేశాడు. సంక్రాంతి వెళ్లాక చేను చూడబోతే కౌలు రైతు ఇంటికి తాళం వేసి ఉంది. గుంటూరు బండి ముందురోజు రాత్రే పోయిందని పక్కింటి ముసలమ్మ చెప్పింది.