గడ్డ కరిగించే మందు, నెత్తురు భయం

పక్షవాతం వచ్చిన మనిషి మెదడులో రక్తనాళం పూడుకుపోయిందా, చిట్లిందా? కొందరిలో అసలు కారణం మెదడులో రక్తస్రావమేనని స్విట్జర్లాండ్ వైద్యుడు యోహాన్ యాకోబ్ వెప్ఫర్ 1658లో శవపరీక్షలతో చూపించాడు. ఆ తర్వాత మూడు శతాబ్దాలపాటు తిరుగులేని జవాబు చాలావరకు రోగి కన్నుమూశాకే దొరికేది.

1971 అక్టోబరు 1న దారి తెరుచుకుంది. లండన్‌లోని వింబుల్డన్‌లో, అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో, ఈఎంఐ ఇంజినీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రంతో ఓ మహిళ తలకు తొలి సీటీ స్కాన్ తీశారు. తాజా నెత్తురు తెల్లగా, రక్తం అందక దెబ్బతిన్న భాగం నల్లగా కనిపించే ఆ చిత్రం పక్షవాత వైద్యానికి పునాది అయింది.

నాళాన్ని మూసిన నెత్తురు గడ్డను కరిగించే మందులు వచ్చాక రక్తస్రావం భయం మరో రూపం ఎత్తింది. 1990లలో అలాంటి స్ట్రెప్టోకైనేజ్ అనే మందును పక్షవాతానికి వాడి చూసిన పరీక్షలను రక్తస్రావాలు, మరణాల వల్ల మధ్యలోనే ఆపేశారు. 1995లో అమెరికాలో 624 మందిపై జరిగిన అధ్యయనం ఆల్టిప్లేస్ అనే మరో మందుకు బాట వేసింది. మూడు గంటల్లోపు ఆ మందు అందుకున్నవారిలో, డమ్మీ మందు తీసుకున్నవారికన్నా ఎక్కువమంది బాగా కోలుకున్నారు. అయితే మెదడులో ప్రమాదకర రక్తస్రావం డమ్మీ మందు తీసుకున్నవారిలో 0.6 శాతమైతే, వీరిలో 6.4 శాతం.

మందుకు ముందే ఆ ప్రమాదాన్ని పసిగట్టాలి. అదే పెద్ద ప్రశ్న అయింది.

2000లో కెనడాలోని కాల్గరీ వైద్యులు సీటీ చిత్రాన్ని పది పాయింట్లతో లెక్కగట్టే ‘యాస్పెక్ట్స్’ పద్ధతి తెచ్చారు. దెబ్బతిన్న ఒక్కో ప్రాంతానికి ఒక్కో పాయింటు తీసేస్తారు. మిగిలిన పాయింట్లు తగ్గేకొద్దీ రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. బార్సిలోనాలో జోవాన్ మోంటానెర్ బృందం అదే ముప్పు జాడను రక్తంలో వెతికింది. నాళాల గోడలను బలహీనపరిచే ఎంఎంపీ-9 అనే ఎంజైము మందుకు ముందే ఎక్కువగా ఉన్నవారిలో తర్వాత రక్తస్రావాలు ఎక్కువని 2003లో ప్రకటించింది.

ఆశ రేపిన ఆ పరీక్ష ఇంకా రోజువారీ వైద్యంలోకి రాలేదు. ఇప్పటికీ ఆల్టిప్లేస్‌కు ముందు స్కాన్‌తో పాటు తప్పనిసరిగా చూసే రక్తపరీక్ష చక్కెరదే. ఇన్నేళ్ల శ్రమ రోగికి అక్కరకు రావాలంటే, మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఆలస్యం చేయకుండా సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.