ప్రోగ్రెషన్

బడిపిల్లల ప్రోగ్రెస్ రిపోర్టులో ఉన్న మాటే ఇది. లాటిన్‌లో 'ప్రో' అంటే ముందుకు, 'గ్రాది' అంటే అడుగు వేయడం. అడుగు వేసేది పిల్లాడైతే సంతోషమే. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల వ్యాధిలో ముందుకు నడిచేది జబ్బు. చిత్రమేమంటే, దాన్ని డాక్టర్లు కొలిచేదీ చాలావరకు రోగి అడుగులతోనే.

అమెరికా నరాల వైద్యుడు జాన్ కర్ట్‌జ్కీ 1955లో ఒక కొలబద్ద తయారుచేసి, 1983లో విస్తరించారు. అదే ఈడీఎస్ఎస్. సున్నా అంటే పరీక్షలో ఏ లోపమూ లేదని. 10 అంటే మరణం. నాలుగు దగ్గర ఊత లేకుండా 500 మీటర్లు నడుస్తారు. ఆరుకొచ్చేసరికి చేతికర్రతో, మధ్యలో ఆగుతూ అయినా, 100 మీటర్లు. ఆరున్నరలో రెండు వైపులా ఊతతో 20 మీటర్లు.

కాళ్ల మీద ఇంత ధ్యాస పెట్టిన కొలబద్దకు చేతుల గోడు అంతగా పట్టదు. చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైనా అంకె కదలకపోవచ్చు. అందుకే తొమ్మిది పుల్లల పరీక్ష ఒకటి ఉంది: పుల్లల్ని ఒక్కొక్కటే రంధ్రాల్లో గుచ్చి, మళ్లీ తీసేయడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు.

అంకె ఒకసారి పెరగ్గానే ప్రోగ్రెషన్ అనేయరు. జబ్బు ఒక్కసారిగా విజృంభించే అటాక్ వచ్చినప్పుడు పెరిగింది తర్వాత తగ్గొచ్చు. పరిశోధనల్లో సాధారణంగా మూడు నెలలకో ఆరు నెలలకో మళ్లీ పరీక్షించి, అప్పటికీ తగ్గకపోతేనే ఆ మాట రాస్తారు.