గల్లాపెట్టె మీద గళ్ళ అట్ట

తెలుగు ఊళ్ళలో కొట్టు గోడకు ఏదో ఒక అట్ట ఎప్పుడూ వేలాడుతూనే ఉంది. మొన్నమొన్నటి దాకా దాని మీద ‘నేడు నగదు – రేపు అరువు’ అని ఉండేది. సరిగ్గా ఆ అట్ట కిందనే అరువు పద్దుల పుస్తకం కూడా ఉండేదని వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఆ చోట్లో నలుపు తెలుపు గళ్ళ చదరం వచ్చి కూచుంది. ఉమ్మడి కృష్ణాజిల్లా మైలవరం బస్టాండు దగ్గర టీ బండి మొదలు తిరువూరు రోడ్డు మీది ఎరువుల కొట్టు దాకా అది లేని చోటు వెతుక్కోవాల్సిందే. కూరగాయల బండివాళ్ళు కాటాకు తగిలించుకుంటారు. పూలమ్మే ఆమె బుట్ట అంచుకు దారంతో కట్టుకుంటుంది. వానకు తడవకుండా లామినేషన్, ఎండకు రంగు వెలిస్తే ఇంకోటి.

వ్యాపారాలన్నీ సోషల్ మీడియా, మొబైల్, క్లౌడ్, డేటా అనే నాలుగింటినీ జతచేసుకోవాలని పదిహేనేళ్ళ కిందట పెద్ద కన్సల్టెన్సీ కంపెనీలు ఉపన్యాసాలు దంచాయి. పెద్ద సంస్థలు కోట్లు పోసి, సలహాదార్లను పెట్టుకుని, ఏళ్ళ తరబడి ఆ పని చేశాయి. మైలవరంలో కిరాణా వ్యాపారికి ఆ ఉపన్యాసం ఎవరూ ఇచ్చిన పాపాన పోలేదు. ఆ నాలుగూ ఆయన కొట్లోకి ఒక్క అట్టముక్కగా వచ్చాయి, అదీ ఉచితంగా. ఈ అట్టకు రెండు పుట్టుకలున్నాయి. గళ్ళది జపాను. డబ్బుది మన దేశం.

గళ్ళకు ముందు గీతలు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ట్రాయ్ అనే ఊళ్ళో 1974 జూన్ 26న ఒక సూపర్ మార్కెట్‌లో రిగ్లీ చూయింగ్ గమ్ పొట్లాన్ని స్కాన్ చేశారు. బార్‌కోడ్ బేరం మొదలైంది అక్కడే. ఇరవై ఏళ్ళు అది బాగానే నడిచింది. కానీ గీతల్లో ఇరవై అక్షరాలకు మించి పట్టేవి కావు. టొయోటాకు కారు విడిభాగాలు చేసే డెన్సో ఫ్యాక్టరీల్లో ఒక్కో పెట్టె మీద పదేసి బార్‌కోడ్లు అంటించి, ఒక్కోదాన్నీ విడివిడిగా స్కాన్ చేయాల్సి వచ్చేది. కూలీల చేతులు పడిపోయేవి. ఆ బాధ తప్పించే పని మసహిరో హరా అనే ఇంజనీరు మీద పడింది. గీతల్లో సమాచారం అడ్డంగా మాత్రమే నడుస్తుంది, నిలువుగా కూడా నడిపితే? నల్లరాళ్ళు, తెల్లరాళ్ళు పెట్టి ఆడే ‘గో’ అనే ఆట పలక ఆయనకు దారి చూపిందంటారు. 1994లో క్యూఆర్ కోడ్ బయటికొచ్చింది. అంకెలైతే దాదాపు ఏడు వేలు పడతాయి.

అట్టను ఒకసారి దగ్గరగా చూడండి. మూడు మూలల్లో గడిలో గడి ఉన్న చదరాలుంటాయి. కెమెరాకు ‘కోడు ఇక్కడుంది, ఇటు తిరిగి ఉంది’ అని చెప్పేవి అవే. వాటి మధ్యగా ఎటునుంచి గీత గీసినా నలుపు, తెలుపు, నలుపు, తెలుపు, నలుపు 1:1:3:1:1 పాళ్ళలో వస్తాయి. పత్రికలు, కరపత్రాలు, అట్టపెట్టెలు ముందేసుకుని, అచ్చులో అన్నిటికన్నా అరుదుగా కనపడే పాళ్ళు ఏవో లెక్కగట్టి హరా బృందం దీన్ని ఎంచుకుంది. పక్కన బిస్కెట్ ప్యాకెట్ బొమ్మలున్నా, సినిమా పోస్టరున్నా ఫోను పొరబడనిది అందుకే. ఇంకో సుగుణం, సమాచారాన్ని సరిదిద్దుకునే వీలుతో దాచడం. ఆ సరిదిద్దుకునే స్థాయిని బట్టి మూడో వంతుకు కాస్త తక్కువ దాకా చెడిపోయినా కోడు చదవడానికి వస్తుంది. ఫ్యాక్టరీలో గ్రీజు మరకల కోసం చేసిన ఏర్పాటు మన టీ మరకలకు పనికొచ్చింది. మూల గడి చినిగిపోతే మాత్రం కష్టమే. పేటెంటు చేతిలో ఉన్నా, వాడుకున్న వాళ్ళ దగ్గర డబ్బు వసూలు చేయబోమని కంపెనీ మొదట్లోనే చెప్పేసింది. ఈ కథలో ‘ఉచితం’ మొదలైంది ఇక్కడే.

ఇక డబ్బు సంగతి. కృష్ణాజిల్లాకు బ్యాంకు కొత్త కాదు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులోనే ఆంధ్రా బ్యాంకు పెట్టారు. ఆ బ్యాంకు 1981లో, దేశంలో క్రెడిట్ కార్డులు ఇంకా కళ్ళు తెరుస్తున్న రోజుల్లోనే, తన కార్డు తెచ్చింది. అయినా కార్డు బెజవాడ బట్టల కొట్లు, బంగారం కొట్ల దగ్గరే ఆగిపోయింది గానీ మైలవరం కిరాణాల దాకా రాలేదు. ఎందుకు రాలేదో అర్థం చేసుకుంటే అట్ట ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది. కార్డుకు మిషను కావాలి. ఆ మిషను వ్యాపారి పెట్టుకోవాలి. దానికి అద్దె, ఫోను లైను, పైన బ్యాంకుకు నూటికి ఇంత అని కోత. నూటికి రెండు మూడు రూపాయలు మిగిలే పంచదార మీద కోత ఎవడు భరిస్తాడు?

2010 నవంబరులో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఐఎంపీఎస్ తెచ్చింది. ఆదివారమైనా అర్ధరాత్రయినా ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు అప్పటికప్పుడు డబ్బు వెళ్ళే ఏర్పాటు. దాని మీదే యూపీఐ కట్టారు. 2016 ఏప్రిల్ 11న అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నర్ రఘురాం రాజన్ దాన్ని ప్రారంభించారు, ఆగస్టు ఆఖర్లో యాప్‌లు వచ్చాయి, సెప్టెంబరు 5న జియో సిమ్‌లు వచ్చాయి. అక్టోబరులో దేశం మొత్తం మీద జరిగిన యూపీఐ లావాదేవీలు ఒక లక్ష. అంటే ఎవరూ పట్టించుకోలేదన్న మాట.

నవంబరు 8 రాత్రి ఎనిమిదింటికి అందరూ పట్టించుకోవాల్సి వచ్చింది. చలామణీలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం, అయిదువందల, వెయ్యి నోట్లు, ఆ అర్ధరాత్రితో చెల్లకుండా పోయాయి. చేతికొచ్చిన కొత్త రెండువేల నోటుకు చిల్లర ఇచ్చే నాథుడు లేడు. అసలు చిల్లర కరువు అంతకు ముందునుంచీ ఉన్నదే. రూపాయికి బదులు చాక్లెట్ చేతిలో పెట్టడం మన కొట్లలో ఎప్పటినుంచో నడుస్తున్న మారకం. ఆ నెలాఖరుకు డిజిటల్ చెల్లింపుల మీద కేంద్రం ముఖ్యమంత్రులతో ఒక కమిటీ వేసి చంద్రబాబు నాయుడిని సారథిగా పెట్టింది. డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ‘ఏపీ పర్స్’ యాప్ తెచ్చింది. డిసెంబరు 30న ప్రధాని ‘భీమ్’ను ప్రారంభించారు. సర్కారు యాప్‌లకు జేజేలు బాగానే పడ్డాయి గానీ, జనం చేతుల్లో నిలిచినవి ప్రైవేటువి.

ఎందుకు నిలిచాయంటే వాటికి కాళ్ళున్నాయి. రంగు టీషర్టులు వేసుకున్న కుర్రాళ్ళు, చాలామంది చుట్టుపక్కల కాలేజీల్లో చదివి ఉద్యోగం కోసం చూస్తున్న వాళ్ళే, కొట్టుకొట్టూ తిరిగారు. ‘బాబాయ్, ఒక్క నిమిషం ఫోనివ్వండి’ అని తీసుకుని, ఖాతా కలిపి, రూపాయి పంపి చూపించి, అట్ట అంటించి వెళ్ళారు. పాత వ్యాపారి నమ్మేది ఉపన్యాసాన్ని కాదు, కళ్ళ ముందు పడిన రూపాయిని. కొనేవాళ్ళకు స్క్రాచ్ కార్డులు, క్యాష్‌బ్యాక్‌లు. ఆ ఖర్చంతా పెట్టుబడిదారులదే. కానీ ఉచితం, క్యాష్‌బ్యాక్ ఈ రెండే కారణాలయితే అవి ఆగిన రోజున అట్టలు కూడా ఊడిపోవాలి. ఊడలేదు. నా లెక్కలో అసలు కిటుకు వేరే ఉంది. కార్డు మిషను భారమంతా కొట్టువాడి మీద వేసింది. అట్ట ఆ మిషనును కొనేవాడి జేబులోకి మార్చింది. కెమెరా ఆయనది, ఫోను ఆయనది, నెట్ ఆయనది, ఛార్జింగ్ ఆయనది. కొట్టువాడి వైపున ఉన్నది కాగితమే. ఆ కాగితంలో డబ్బేమీ లేదు, ఇంటి నంబరు లాంటి ఒక చిరునామా, పేరు, అంతే. ఎవరికీ దొంగిలించబుద్ధి కాదు. (దొంగలు ఇంకో దారి కనిపెట్టారు: రాత్రిపూట మంచి అట్ట మీద తమ అట్ట అంటించడం.)

మొదట్లో ఏ కంపెనీ కోడు ఆ కంపెనీ యాప్‌కే అన్నట్టు కూడా నడిచింది. గల్లాపెట్టె ముందు నీలం, ఊదా, తెలుపు అట్టలు బారులు తీరేవి. రిజర్వు బ్యాంకు 2020 అక్టోబరులో కొత్తగా సొంత కోడ్లు పెట్టొద్దంది, ఉన్నవి 2022 మార్చి 31 లోపు అందరికీ పనికొచ్చేలా మార్చాలంది. అట్టలు ఇప్పటికీ రెండు మూడు కనపడతాయి గానీ అదంతా కంపెనీల ప్రచారం. దేన్ని స్కాన్ చేసినా పని జరుగుతుంది.

అట్ట తీర్చలేని చిక్కు ఒకటి మిగిలింది. రద్దీ వేళ నలుగురు ఒకేసారి ‘కొట్టానండీ’ అని ఫోను ఎత్తి చూపిస్తుంటే, పడిందో లేదో ఎవరు చూస్తారు? అచ్చం రసీదులా కనపడే దొంగ స్క్రీను చూపించే యాప్‌లు వచ్చాయి. చేతులు పిండిలో ఉన్న టిఫిన్ బండామె ప్రతిసారీ ఫోను తెరవలేదు. అప్పుడు వచ్చింది సౌండ్‌బాక్స్. లోపల సొంత సిమ్, బ్యాటరీ, ఒక స్పీకరు. ‘ముప్ఫై రూపాయలు అందాయి’ అని తెలుగులో అరుస్తుంది. నెలకు వంద చుట్టూ అద్దె. కార్డు మిషనుకు అద్దె కట్టనన్న వ్యాపారే దీనికి కట్టాడు. గల్లాపెట్టెలో నాణెం పడిన చప్పుడు ఆయనకు తిరిగి దక్కింది కాబట్టి కట్టాడని నా అనుమానం. 2024లో ఫోన్‌పే ఆ పెట్టెల్లో మహేశ్‌బాబు గొంతు కూడా పెట్టింది. ముప్ఫై రూపాయల ఇడ్లీ చట్నీకి అంత తార అవసరమా అని అడిగేవాళ్ళు అడగవచ్చు.

స్కాన్ నొక్కిన క్షణంలో జరిగేది ఇదీ. ఫోన్లోని యాప్ ఆ చిరునామాను తన వెనకున్న బ్యాంకుకు, ఆ బ్యాంకు నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ స్విచ్‌కు అందిస్తుంది. స్విచ్ కొనేవాడి బ్యాంకును అడిగి, పిన్ సరిపోతే అక్కడ కోయించి, కొట్టువాడి బ్యాంకులో వేయిస్తుంది. మైలవరంలో టీ తాగినవాడి పది రూపాయలు కొన్ని క్షణాల్లో ఎక్కడెక్కడి కంప్యూటర్లనో చుట్టి, అదే బల్ల అవతలికి వస్తాయి. ఆ దారిలో ఎక్కడ తీగ తెగినా టీ అరువే. మైలవరం చుట్టూ ఉన్న కొండల్లో పుట్టే బుడమేరు 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు ఈ సంగతి బాగా తెలిసింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి, సిగ్నళ్ళు పోయాయి. ఖాతాలో లక్షలున్నవాళ్ళకూ పాలప్యాకెట్టుకు చేతిలో నోటే దిక్కయింది.

మైలవరం, రెడ్డిగూడెం, నూజివీడు చుట్టూ మామిడి తోటలు. సీజనులో కాయ ఎక్కువగా విజయవాడ దగ్గరి నున్న మార్కెట్టుకే పోతుంది. అక్కడి పెద్ద బేరాలు ఈ అట్ట మీద నడవవు. యూపీఐకి మామూలుగా రోజుకు లక్ష రూపాయల హద్దుంది, లారీల లెక్కన కాయ కొనేవాడికి అదెక్కడ చాలుతుంది? బ్యాంకు బదిలీలు, కమిషన్ వ్యాపారి చీటీలు ఎప్పటిలాగే ఉన్నాయి. కానీ పక్కనే ఇంకో చిన్న వ్యాపారం మొలిచింది. రైతు తోటలో నిలబడి రసాల ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెడతాడు. హైదరాబాద్ నుంచి ఎవరో ‘రెండు పెట్టెలు పంపించన్నా’ అంటారు. క్యూఆర్ బొమ్మ కూడా అదే వాట్సాప్‌లో వెళుతుంది, డబ్బు పడ్డాక పెట్టె బస్సు ఎక్కుతుంది. ఉపన్యాసాల్లోని ‘సోషల్’ ఇక్కడ కొబ్బరాకు కప్పిన అట్టపెట్టె.

నాలుగోది, డేటా. ఇది రెండంచుల కత్తి. పద్దుల పుస్తకం కొట్టువాడి సొరుగులో ఉండేది, పద్దులు ఆయనకూ దేవుడికీ తెలిసేవి. అట్ట వచ్చాక రోజుకు ఎంత అమ్మకమో, ఏ వేళ ఎక్కువో ఇంకెవరి దగ్గరో కూడా జమ అవుతోంది. దాన్ని చూసే యాప్ కంపెనీలు, వాటి వెనకున్న ఫైనాన్స్ సంస్థలు ‘మీకు ఇంత అప్పు సిద్ధం’ అని సందేశాలు పంపుతాయి, రోజువారీ అమ్మకంలోంచే వాయిదా కోసుకుంటాయి. తాకట్టుకు ఏమీ లేని చిన్న కొట్టుకు అది మేలే. ఇంకో అంచు 2025 జూలైలో కర్ణాటకలో కోసింది. యూపీఐ లెక్కలు పట్టుకుని అక్కడి వాణిజ్య పన్నుల శాఖ చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులిచ్చింది. బెంగళూరులో చాలా కొట్లు అట్టలు పీకేసి ‘నగదు మాత్రమే’ అని రాసి పెట్టాయి. గొడవ ముదిరాక, పాత బకాయిలు వసూలు చేయబోమని అక్కడి ప్రభుత్వం చెప్పింది. ఆ వార్త చదవని వ్యాపారి మన దగ్గరా ఉండడు.

యూపీఐ లావాదేవీలు 2019 అక్టోబరులో నెలకు 100 కోట్లు దాటితే, 2025 ఆగస్టులో 2,000 కోట్లు దాటాయి. 2020 జనవరి 1 నుంచి వీటి మీద వ్యాపారి దగ్గర కోత ఉండకూడదన్నది ప్రభుత్వ నిర్ణయం. ఆ లోటుకు బ్యాంకులకు, యాప్‌లకు కేంద్రం ప్రోత్సాహకం ఇస్తోంది. 2024–25కు కేటాయించింది దాదాపు 1,500 కోట్లు. మాకు చాలదని కంపెనీలు అంటూనే ఉన్నాయి. ఈలోగా 2022లో రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపారు. 1981లో మన కొట్టు గుమ్మం ఎక్కలేకపోయిన కార్డు ఇప్పుడు ఈ అట్ట మీదుగా వస్తోంది. చిన్న వ్యాపారికి రెండు వేల లోపు కోత లేదు, ఆపైన ఉంది. ఇంకో మెలిక, ఆ కార్డు వ్యాపారి పేరిట తీసుకున్న కోడు మీదే నడుస్తుంది, సొంత ఖాతా కోడు మీద నడవదు. వ్యాపారి కోడు అంటే వ్యాపారపు లెక్క. అందుకని చాలా చిన్న కొట్లలో ఇప్పటికీ అంటించి ఉన్నది ఇంటాయన సొంత ఖాతా కోడు, లేదంటే ఇంటావిడది.