ధాత కరువుకు తేదీ ఇవ్వని ఎక్సెల్

అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ సగటును చూసుకుని విత్తనం వేసే రైతు ఒక్కడూ ఉండడు. వేరుశనగకు విత్తే వేళ పదును కావాలి, ఊడలు దిగేటప్పుడు ఒక వాన, కాయ ఊరేటప్పుడు మరొకటి కావాలి. మధ్యలో బెట్ట ఎన్నాళ్లన్న దాన్ని బట్టి పంట తేలుతుంది. కాబట్టి ఇక్కడ వాన లెక్కంటే రోజువారీ లెక్కే. ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకంలోని నీటిని కొలిచి రాస్తారు. 2.5 మిల్లీమీటర్లకు తగ్గితే అది వాన రోజు కిందికి రాదు.

రిజిస్టర్ల నుంచి ఆ అంకెలు కంప్యూటర్లోకి వచ్చాక ఎక్కువగా ఎక్సెల్లోనే పడ్డాయి. 1985లో పుట్టిన ఎక్సెల్ ఆఫీసు పనికి ఒదిగిన సాధనం. నెలవారీ పట్టికకు దాన్ని మించింది తేలిగ్గా దొరకదు. చిక్కు వచ్చేది పాత కరువుల దగ్గర. దాని తేదీలు 1900 జనవరి 1తో మొదలవుతాయి. సీమను తుడిచిపెట్టిన ధాత కరువు 1876–78 నాటిది; ఆనాటి తేదీ కొడితే అది ఎక్సెల్‌కు తేదీ కాదు, ఉత్తి అక్షరాలు. పైగా 1900లో లేని ఫిబ్రవరి 29ని అది ఉన్నట్టే లెక్కిస్తుంది. అంతకు ముందటి స్ప్రెడ్‌షీట్ లోటస్ 1-2-3లోని తప్పును, దానితో పొత్తు కుదరాలని తెలిసే ఉంచుకున్నారు. ఎవరైనా వాడుకునే వీలున్న లిబ్రేఆఫీస్‌లోనూ, గణాంకాల పనికి వాడే ఆర్ ప్రోగ్రామింగ్ భాషలోనూ 1876 మామూలు సంవత్సరమే.

మరో ఇబ్బంది పరిమాణం. రెండుగా విడిపోకముందు ఉమ్మడి జిల్లాలో 63 మండలాలు. మండలానికి రోజుకో వరస చొప్పున రాస్తే ఏడాదికి 22,995 వరసలు. 2003 కూర్పు దాకా ఎక్సెల్ పేజీకి 65,536 వరసలకు మించి ఉండేవి కావు గనుక మూడేళ్ల వాన అందులో పట్టేది కాదు. 2007 నుంచి హద్దు 10,48,576కు పెరిగింది కాబట్టి ఆ బాధ చాలావరకు తీరింది.

తీరనిది ఖాళీ గడి. ఒకరోజు కొలత రాయలేదనుకుందాం. ఎక్సెల్లో సగటు తీస్తే ఆ గడిని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. అదే గడిని కూడికలో వాడితే సున్నా అనుకుంటుంది. సున్నా అంటే వాన పడలేదని. కొలత లేని నాలుగు రోజులు అలా బెట్టలో కలిసిపోతే, వానను బట్టి పరిహారం ఇచ్చే బీమాలో డబ్బు లెక్కే మారుతుంది. ఆర్‌లో లోపించిన కొలతకు ప్రత్యేక గుర్తు ఉంది. దాన్ని ఏం చేయాలో వాడేవారు చెప్పేదాకా సగటు ఇవ్వదు. కాస్త మొండిదే, కానీ కరువు లెక్కకు ఆ మొండితనమే కావాలి.

ఆర్‌ను న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ రూపొందించారు. 1995లో స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేశారు. ఉచితమన్న మాటకే అందరూ ప్రాధాన్యమిస్తారు గానీ, ఆఫీసుల్లో లైసెన్సు ఖర్చు ఎలాగూ ప్రభుత్వానిదే. అసలు లాభం వేరు: చేసిన ప్రతి లెక్కా ఆదేశంగా రాసి ఉంటుంది, మరొకరు మొదటి నుంచి నడిపి చూసుకోవచ్చు. ఎక్సెల్లో సూత్రాలు గళ్ల వెనక చెదిరి ఉంటాయి. ఏ గడిలో ఎవరు అంకె దిద్దారో ఆనవాలు దొరకడం కష్టం.

అనంతపురం వేరుశనగపై వాన లెక్కలను కంప్యూటర్‌కు ఇచ్చి చూసే పని 1990లలోనే జరిగింది. బెంగళూరు ఐఐఎస్సీకి చెందిన సులోచనా గాడ్గిల్, శేషగిరిరావు ఇక్కడి దశాబ్దాల వాన లెక్కలను ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారి పీనట్‌గ్రో అనే పంట నమూనాకు ఇచ్చి, ఏ తేదీన విత్తితే ఎంత దిగుబడి వస్తుందో ఏడాదికేడాది లెక్కగట్టారు. ఆ నమూనా తర్వాత డీఎస్‌శాట్ అనే పెద్ద సాఫ్ట్‌వేర్‌లో భాగమైంది. మొదట్లో డబ్బు కట్టి తెప్పించుకోవాల్సి వచ్చిన డీఎస్‌శాట్ పంట నమూనా సోర్సు కోడ్ ఇప్పుడు కోడ్ పంచుకునే వేదిక గిట్‌హబ్‌లో అందరికీ దొరుకుతోంది.

2022 ఏప్రిల్‌లో శ్రీసత్యసాయి జిల్లా విడిపోవడంతో ఉమ్మడి జిల్లా వాన లెక్కలను మళ్లీ రెండుగా పంచాల్సి వచ్చింది. ఆర్‌లో రాసుకున్న లెక్కకైతే మండలాల జాబితా మార్చి తిరిగి నడిపితే చాలు. ఎక్సెల్ పట్టికల్లో ఏడాదికొక పేజీ చొప్పున పెట్టుకున్నవారు ప్రతి పేజీనీ విప్పుకోవాలి.